గాజు అవతలి మాట

గాజు అవతల పిట్ట.

ముక్కు తెరుస్తుంది. మూస్తుంది. మెడ కింద తెల్లటి ఈకలు ఉబ్బుతాయి, తగ్గుతాయి. తోక దగ్గర్నుంచి తలదాకా ఊగిపోతుంది...

పాట మాత్రం లోపలికి రాదు.

రెండు పొరల గాజు అది. ఇల్లు చూపించిన రోజు బ్రోకరు వేలితో తట్టి మరీ చెప్పాడు, బయట బస్సు వెళ్లినా వినిపించదని. అది విని ఆమె భర్త ముఖం వెలిగిపోయింది. "మనకి కావాల్సింది ఇదే," అన్నాడు. ఆమె గాజుకి చెవి ఆనించి చూసింది. నిజమే. ఏమీ లేదు. చెవి చల్లబడింది, అంతే.

పిట్ట పేరు ఆమెకి తెలియదు. అడిగి తెలుసుకుందామంటే ఈ ఊళ్లో ఆమెకి తెలిసినవాళ్లు లేరు.

కూతురు చిట్టి గాజుకి ముక్కు నొక్కిపెట్టి నిలబడింది. ఊపిరికి గాజు మసకబారుతుంది. పిట్ట మాయమవుతుంది. మసక కరుగుతుంది. పిట్ట మళ్లీ వస్తుంది.

చిట్టికి రెండేళ్లు నిండి ఐదు నెలలు.

ఇంకా మాట రాలేదు.

*

ఇది మూడో ఇల్లు. రెండో దేశం.

ఎక్కడినుంచైనా పనిచేసుకోవచ్చని ఆయన కంపెనీ చెప్పింది. అలాంటివాళ్లకి వేరే వీసా ఉందని ఎవరో స్నేహితుడు చెప్పాడు. డిజిటల్ నోమాడ్ వీసా. ఆ పేరు పలికినప్పుడల్లా ఆయన నోట్లో పటికబెల్లం ముక్క ఉన్నట్టుండేది.

అక్కకి ఫోన్లో వివరించబోయింది ఆమె. "అంటే అక్కా... ఒకచోటని లేకుండా, తిరుగుతూ పనిచేసుకునేవాళ్లకి..."

"దేశదిమ్మరులకా?" అంది అక్క. "ఓసినీ! దేశదిమ్మరులకి కూడా వీసాలిస్తున్నారా? మీ బావ చెవిన పడనీయకే తల్లీ. ఇప్పటికే ఇంటిపట్టున ఉండడు."

పకపకా నవ్వింది ఆమె. అప్పట్లో ఇంకా గట్టిగానే నవ్వేది.

ఆ వీసా కోసం ఆయన చూపించిన ఫొటో ఒకటి ఉంది. సముద్రం. రెండు చెట్ల మధ్య వల ఊయల. ఊయలలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒకతను. చెప్పుల్లేని కాళ్లు. పక్కన పళ్లరసం.

ఫొటోలో పిల్లలు లేరు. ఉతకాల్సిన బట్టలు లేవు. భార్య లేదు.

ఫొటో తీసింది ఆవిడేనేమో.

సముద్రం ఇక్కడా ఉంది. బస్సులో గంట. ఒకసారి వెళ్లారు. ల్యాప్‌టాప్ మీటల్లోకి ఇసుక పోతుందని అరగంటలో తిరిగొచ్చారు. చిట్టి గుప్పిట్లో ఇంటిదాకా తెచ్చిన ఇసుకని ఆమె చీపురుతో ఊడ్చింది. చప్పుడు కాకుండా.

*

తెల్లవారుతుంటే ఆయన ఆఫీసు మొదలవుతుంది. ఆఫీసు ఉన్న దేశంలో అప్పటికి బాగా పొద్దెక్కి ఉంటుంది. ఇక మధ్యాహ్నం రెండింటిదాకా.

ఎవరివైనా కంప్యూటర్లు ఆగిపోతే, వాటిని మాటలతో బాగుచేసే పని ఆయనది. ఇది నొక్కండి, అది తెరవండి, కంగారుపడకండి. రోజంతా మాటలే.

ఇల్లంటే రెండు గదులు. మధ్యలో గాజు తలుపు. తలుపు అవతల ఆయన, బల్ల, హెడ్‌సెట్. ఇవతల ఆమె, చిట్టి, పొయ్యి, మంచం, తడిబట్టలు...

మొదట్లో మరీ ఇంత లేదు.

ఒకరోజు కుక్కర్ కూతేసింది. సరిగ్గా పెద్ద కస్టమర్ మాట్లాడుతుండగా. "మీ ఇల్లు రైల్వే స్టేషన్ పక్కనా?" అన్నాడట మేనేజరు. అందరూ నవ్వారట. ఆయనా నవ్వాడట.

గాజు తలుపు తీసుకుని బయటికి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ రోజు నుంచి విజిల్ డ్రాయర్లో ఉంది. అన్నం గిన్నెలో వారుస్తోంది.

ఇంకోరోజు చిట్టి ఏడ్చింది. దవడ పన్ను వస్తోంది, ఏడవదా మరి? మేనేజరు దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది. ఇంటి వాతావరణం చూసుకోండి.

చూసుకుంది. ఆయన కాదు, ఆమె చూసుకుంది.

కుర్చీ కాళ్లకి పాత సాక్సులు తొడిగింది. స్టీలు గరిటెలు పైన పెట్టేసి చెక్కవి తీసింది. మిక్సీ రెండయ్యాకే. కుళాయి సన్నగా. తుమ్ము వస్తే ముక్కుకి చున్నీ. చిట్టి గిలక్కాయ బీరువా పైకి వెళ్లిపోయింది. చిట్టి చూసే ఫోన్లో బొమ్మలకి గొంతు తీసేసింది. ఏనుగు నోరు తెరుస్తుంది. కుందేలు నోరు తెరుస్తుంది. ఏమంటున్నాయో వాటికే తెలియాలి.

ఇక చిట్టి "ఊ" అంటే —

ష్...

లేస్తే ష్. పడితే ష్. నవ్వితే ష్ ష్... నాన్న మీటింగు.

పదో తరగతితో ఆగిపోయిన చదువు ఆమెది. తరగతిలో బోర్డు మీద 'మాట్లాడినవాళ్లు' అని రాసి, కింద మొదటి పేరు ఆమెదే పెట్టేది లీడరు. ఒక్కోరోజు బడి గంట కొట్టకముందే పెట్టేసేది, ఎలాగూ తప్పదని.

ఆ పిల్ల ఇప్పుడు చెక్క గరిటెతో ఉల్లిపాయలు కదుపుతోంది. వినపడకుండా.

వీసా కాగితంలో ఆమె పేరు ఎదురుగా ఒక గడి ఉంది. వృత్తి. ఆయన అందులో ఏదో టైపు చేశాడు.

"ఏంటండీ అది?"

"ఆధారపడిన వ్యక్తి అని. అంటే నా మీద. ఫారంలో అలాగే రాయాలి."

తల ఊపింది. ఆయన పని మాటల మీద నడుస్తుంది. ఆ మాటలు ఆమె నోరు మూసుకోవడం మీద నడుస్తాయి. ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

*

గాజు తలుపు గుండా మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు.

మొదట సరదాకే. మీటింగులో ఉండి ఆయన పెదవులతో "టీ" అనేవాడు. ఆమె పెదవులతో "చక్కెర?" అనేది. ఒకసారి అవతల ఎవరో గంటసేపు ఉపన్యాసం దంచుతుంటే, ఆయన ఇటు తిరిగి ఒక మాటన్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా అనని మాట. గొంతు ఉంటే అనలేకపోయేవాడేమో. ఆమె చేతిలో గ్లాసు జారబోయింది. పట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి — ష్!

నవ్వుకున్నారు. పెదవులతో.

తర్వాత అదే అలవాటైంది. తిన్నావా. తలుపు వెయ్యి. నిద్రపోయిందా. ఇంకో పది నిమిషాలు. గొంతు లేకుండా ఎంత కాపురం చేయొచ్చో అంతా చేశారు.

రెండింటికి తలుపు తెరుచుకునేసరికి ఆయన గొంతు అరిగిపోయి ఉంటుంది. జుట్టు మీద హెడ్‌సెట్ నొక్కుకున్న గీత. సోఫాలో వాలి, చిట్టిని పొట్ట మీద పడుకోబెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. మంచివాడే. మంచివాడు కాబట్టే ఆమె కోపానికి కూర్చోవడానికి చోటు దొరకదు.

"అన్నం పెట్టనా?" — పెదవులతో.

"ఊ" — కనురెప్పలతో.

ఆమె పొద్దున్నే చిట్టిని పిల్లల బండిలో కూర్చోబెట్టి వీధుల్లో తిప్పుతుంది. బండిలో పిల్ల ముఖం ముందుకి, తల్లి ముఖం వెనక. ఒకరికొకరు కనిపించరు. వీధి నిండా వేరే భాష. తన భాషలో పైకి మాట్లాడితే ఎవరైనా తిరిగి చూస్తారేమోనని భయం. ఎందుకు భయమో చెప్పమంటే చెప్పలేదు. పార్కు బెంచీ మీద అక్కతో మాట్లాడినా గుసగుసే.

"ఏమే, గొంతుకేమైందే నీకు? బావిలో దిగి మాట్లాడుతున్నట్టున్నావ్."

"ఏం లేదక్కా."

"చిట్టి మాట్లాడిందా?"

ఆమె బండిలో దుప్పటి సర్దింది.

"ఈ వయసుకి మావాడు కేబుల్ అతన్ని తిట్టేవాడు! నువ్వు దాంతో వాగాలే, ఊరికే వాగుతూ ఉండాలి. పిల్లలు మన నోరు చూసి నేర్చుకుంటారు మాటలు. మీదసలు ఇల్లా, గ్రంథాలయమా? ఏదీ, మరిదిగారికివ్వు ఫోను, నేను అడుగుతాను."

"మీటింగులో ఉన్నారక్కా."

"ఎప్పుడు లేడు గనక!"

ఫోన్ పెట్టేశాక బండి తోసుకుంటూ నడిచింది. ఆకులు రాలుతున్నాయి. ఏడాది వయసులో చిట్టి అనేది — తత్తా, బబ్బా, దద్దద్దా... పొద్దస్తమానం అదే గోల. తలనొప్పి వచ్చేది.

ఆ తలనొప్పి ఎక్కడ పోయింది?

ఏ ఇంట్లో పోయింది?

*

టీకాలు వేసే నర్సు తెల్లజుట్టు మనిషి. చిట్టి తల వెనక గిలక్కాయ ఆడించింది. చిట్టి గిరుక్కున తిరిగింది. చెవులు బాగున్నాయి. నర్సు ఫోన్లోకి ఏదో అడిగింది. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి గదంతా మోగేలా పలికింది.

"ఇంట్లో పాపతో ఎక్కువగా మాట్లాడుతున్నారా?"

బయట ఇంత గట్టిగా తెలుగు వినడం ఆమెకి ఇక్కడ ఇదే మొదటిసారి. ఉలిక్కిపడి, ఫోను వైపు చూసి, ష్ అనబోయింది.

నర్సు చిట్టి అరచేతిని తీసి తన గొంతు మీద పెట్టుకుంది. "మ్మ్మ్..." అంది. చిట్టి కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి లాక్కుంది. చూసింది. మళ్లీ తనే పెట్టింది.

మాటల డాక్టరుకి చూపించాలట. కౌంటరులో అమ్మాయి వాళ్ల నివాస కార్డు అటూ ఇటూ తిప్పింది. గడువు నెలాఖరుకి అయిపోతోంది. కొత్త కార్డు తెస్తేనే పేరు రాస్తారు.

కొత్త కార్డు రావాలంటే వీసా పొడిగించాలి. వీసా పొడిగించాలంటే ఉద్యోగం ఉందని కంపెనీ ఉత్తరం ఇవ్వాలి. ఉత్తరానికి మేనేజరు ఊ అనాలి. మేనేజరు ఊ అనాలంటే...

ఇంట్లో ఎవరూ ఊ అనకూడదు.

తిరిగొచ్చే బస్సులో ఆమెకి నవ్వొచ్చింది. వెనకే ఏడుపొచ్చింది. రెంటినీ చున్నీలో నొక్కేసింది. బస్సులో అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు మరి.

*

మంగళవారం.

ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చిట్టి వచ్చి కుర్తా అంచు పట్టి లాగింది. వేలితో కిటికీ చూపించింది. పెదవులు కలిపింది. విడదీసింది. నాలుక చివర పళ్ల వెనక ఆనింది.

ఏదో నములుతోందనుకుంది ఆమె. గుండీ నోట్లో పెట్టుకుందేమోనని కంగారుగా వేలు పెట్టి వెతికింది. ఏమీ లేదు.

చిట్టి మళ్లీ చూపించింది. ఓపిగ్గా. మందబుద్ధికి పాఠం చెప్పినట్టు. పెదవులు కలిపి... విడదీసి...

పిట్ట.

చేతిలో చొక్కా జారింది.

గాజు గుండా రోజూ చదివే కళ్లు ఆమెవి. తప్పు చదవవు.

పిట్ట, అంటోంది చిట్టి. గొంతు లేకుండా.

"ఏమన్నావ్ తల్లీ?" అంది ఆమె. అన్నాక తెలిసింది... తను కూడా పెదవులతోనే అన్నదని.

చిట్టి ముఖం విప్పారింది. హమ్మయ్య, ఇన్నాళ్లకి తెలిసిందా అన్నట్టు. ఇక ఆగలేదు. బువ్వ. నీళ్లు. బస్సు. పాప. మీటింగు. నాన్న. ఒకదాని వెనక ఒకటి, గింజలు ఒలికినట్టు. అన్నీ ఉన్నాయి. ఎన్ని నెలల నుంచి ఉన్నాయో! బండిలో ముందుకి తిరిగి కూర్చుని వీధి వీధంతటికీ చెప్పుకుంటూ పోయిందేమో. ఎవరు చూశారు?

చివరికి ఆమె ముఖంలోకి చూసింది. పెదవులు నెమ్మదిగా కలిపింది.

అమ్మ.

ఎదురుచూసిన మాట. రెండేళ్లుగా చెవులు పెట్టుకుని ఎదురుచూసిన మాట.

కళ్లకి వచ్చింది.

*

రెండయింది. తలుపు తెరుచుకుంది.

"ఏమండీ. చిట్టికి మాటలొచ్చాయి."

వాడక వాడక బిగుసుకుపోయిన గొంతు. ఆ మాట గీసుకుంటూ వచ్చింది.

"నిజంగా? ఎప్పుడు? నాకు చెప్పవేం!" హెడ్‌సెట్ మెడలోనే ఉంది. మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "ఏదీ, నాన్నా అను బంగారం."

చిట్టి అంది. శుభ్రంగా అంది.

ఆయన ఇంకా చెవి వంచే ఉన్నాడు. "అనలేదుగా?"

"చెవి కాదండీ. నోరు చూడండి."

చూశాడు. చిట్టి మళ్లీ అంది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వుని ఏం చేయాలో తెలియలేదు. ముఖం మీదే వదిలేశాడు. అది కాసేపుండి, దానంతటదే పోయింది.

"శుక్రవారం మేనేజరుతో కాల్ ఉంది," అన్నాడు. "ఉత్తరం సంగతి ఆ రోజు తేలిపోతుంది. మూడే మూడు రోజులు. తర్వాత ముగ్గురం కలిసి ఇల్లు పీకి పందిరేద్దాం."

"తర్వాత ఇంకో మీటింగు ఉంటుంది."

"నేను కావాలని చేస్తున్నానా?"

"నేనట్లా అన్నానా?"

"మరేం చేయమంటావ్? మానేయనా ఉద్యోగం? పెట్టె సర్దుకుని వెళ్లిపోదామా? వెళ్తే డాక్టరూ ఉండడు, ఏదీ ఉండదు... చెప్పు, నువ్వే చెప్పు."

మాట్లాడుకునే ఇల్లు కావాలి — అన్నాయి ఆమె పెదవులు. గొంతు రాలేదు.

ఆయనకి అర్థమైంది. చదవడం ఆయనకీ వచ్చు. అయినా అర్థం కానట్టు నీళ్లు తాగడానికి లేచాడు.

*

శుక్రవారం వాన.

చిట్టిని ఎప్పటిలాగే బయటికి తీసుకెళ్లమని ముందురోజే చెప్పాడు. గుమ్మం దగ్గర బండి. బండిలో బుజ్జి బూట్లు. కానీ వాన... గాజు మీద పాయలు పాయలుగా జారుతోంది. చినుకు చప్పుడు లేదు. చప్పుడు లేని ఇంత వానని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఫోన్లో బొమ్మలు పెట్టు," అన్నాడు ఆయన, కాలర్ సర్దుకుంటూ. పైన ఇస్త్రీ చొక్కా, కింద పైజామా. "ఒక్క గంట. నీకు దణ్ణం పెడతాను."

"నాకెందుకండీ దణ్ణం..."

గాజు తలుపు మూసుకుంది.

ఫోన్ ఇచ్చింది. ఏనుగు నోరు తెరిచింది. కుందేలు నోరు తెరిచింది. చిట్టి పెదవులు వాటితో పాటే తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఏనుగుకి తగ్గట్టు పెద్దగా. కుందేలుకి తగ్గట్టు చిన్నగా.

చూడలేకపోయింది.

ఫోన్ తీసి బోర్లా పెట్టేసింది. చిట్టి ఏడ్చింది. నోరంతా తెరిచి, చెంపలనిండా నీళ్లు కార్చి, ముక్కు ఎర్రబడి —

చప్పుడు లేకుండా.

ఏడుపు కూడానా?

ఏడుపు కూడానా తల్లీ...

నేల మీద చతికిలబడింది. చిట్టిని ఒళ్లోకి లాక్కుంది. తడి అరచేయి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది.

"మ్మ్మ్..."

చిట్టి ఏడుపు ఆగింది.

"మ్మ్మ్... పి... పిట్ట."

బొంగురు గొంతు. తన గొంతే తనకి పరాయిగా ఉంది. అరచేయి కింద అది తుమ్మెదలా గింగురుమంది. చిట్టి చెయ్యి తీసి చూసుకుంది. అరచేతిలో ఏమైనా అంటుకుందా అని. మళ్లీ పెట్టింది.

"పిట్ట," అంది ఆమె. ఇంకాస్త పైకి.

గాజు అవతల ఆయన తల తిరిగింది.

తెర మీద మేనేజరు ముఖం. చిన్న చిన్న గడుల్లో ఇంకా ఎవరెవరో. ఆయన కళ్లు ఇటు. చూపుడు వేలు పెదవుల మీదికి వెళ్లింది.

చిట్టి చూసింది. చిట్టి చూపుడు వేలు కూడా పెదవుల మీదికి వెళ్లింది.

గాజుకి అటొక వేలు. ఇటొక వేలు. అచ్చు తండ్రి పోలికే అనేది అక్క, చూస్తే.

ఉత్తరం రాకపోతే? కార్డు రాకపోతే? మాటల డాక్టరు పుస్తకంలో పేరెక్కకపోతే? మళ్లీ పెట్టెలు, మళ్లీ బ్రోకరు, నాలుగో ఇంట్లో నాలుగో గాజు... ఏమో. అన్నీ తనవల్లే అంటారేమో. అననివ్వు. అనరేమో. ఆయన ఏమీ అనడు, అదే భరించలేదు తను... గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఈ ఇంట్లో ఇంత చప్పుడు చేస్తున్నది అదొక్కటే.

ఆమె చిట్టి వేలిని పెదవుల మీంచి తీసింది. మెల్లగా. ఆ చేతిని చిట్టి గొంతు మీదే పెట్టింది.

పిల్లని చంకనెత్తుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

ఈ ఇంటికి వచ్చాక ఆ గడియ ఒక్కసారి కూడా తీయలేదు. బిగుసుకుపోయి ఉంది. బొటనవేలు నొప్పెట్టింది. ఇంకొంచెం... ఇంకొంచెం —

వాన లోపలికి వచ్చింది.

వాన చప్పుడు వచ్చింది. రేకు మీద, ఆకు మీద, కింద ఎవరిదో గొడుగు మీద, ఒక్కో చోట ఒక్కో రకంగా. బస్సు వచ్చింది. తలుపు వేసిన చప్పుడు, ఎవరో ఎవరినో కేకేసిన చప్పుడు. అన్నీ ఒక్కసారి, సంతలోకి తోసినట్టు. చిట్టి ఉలిక్కిపడి ఆమె మెడ కరుచుకుంది. అయినా ఒక చెయ్యి తన గొంతు మీదే ఉంచుకుంది.

చూరు కింద, తడవకుండా, ముడుచుకుని పిట్ట.

వెనక గాజు తలుపు. చూడకుండానే తెలుస్తోంది, ఆయన పెదవులు ఏమంటున్నాయో. ముయ్యి. ప్లీజ్. ముయ్యి. ఒక్క గంట.

తిరిగి చూస్తే చదవాల్సి వస్తుంది.

తిరగలేదు.

"పిట్ట!" అంది గట్టిగా. బోర్డు మీద మొదటి పేరున్న పిల్ల గొంతు అది. ఎక్కడినుంచి వచ్చిందో. "అదిగో తల్లీ, పిట్ట!"

చిట్టి ఆమె నోరు చూసింది. పిట్టని చూసింది. గాజు అవతల నాన్నని చూసింది.

పెదవులు కలిశాయి.

చిన్న అరచేయి కింద, చిన్న గొంతులో, ఏదో... కదిలిందా?

గడియ మీద ఆమె వేలు ఇంకా అలాగే ఉంది. మూయడానికీ, మూయకపోవడానికీ మధ్య.

వాన.

పిట్ట ముక్కు తెరిచింది —